3,000 గంటలు, ఆ తర్వాత మారేడ్‌పల్లి

సికింద్రాబాద్ వెస్ట్ మారేడ్‌పల్లిలో సొంతంగా ప్రాక్టీసు చేస్తున్నాను, దంపతుల థెరపీ. పని నేర్చుకున్నది మాత్రం కాలిఫోర్నియాలో. అక్కడి నుంచి నేను తెచ్చుకున్నవాటిలో డిగ్రీ కంటే, లైసెన్సు కంటే కూడా విలువైనది ఒకటుంది. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లను ఒంటరిగా వదిలేయకపోవడం.

పెళ్లయ్యాక హెచ్4 వీసా మీద, అంటే హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా మీద, ఫ్రీమాంట్ వెళ్లాను. అప్పట్లో హెచ్4 వాళ్లకు ఉద్యోగం చేసే వీల్లేదు. 2015 మేలో రూల్ మారింది కానీ అందరికీ కాదు, ముఖ్యంగా గ్రీన్‌కార్డు దారిలో ఐ-140, అంటే కంపెనీ వేసే దరఖాస్తు, ఆమోదమైనవాళ్ల భార్యలకో భర్తలకో. మా అపార్ట్‌మెంట్లలో నాలాంటివాళ్లు బోలెడుమంది, బీటెక్‌లు, ఎంసీఏలు చేసి, అమీర్‌పేటలో కోర్సులు నేర్చుకుని, ఉన్న ఉద్యోగం మానేసి వచ్చినవాళ్లు. పొద్దున పిల్లల్ని స్ట్రోలర్లలో తోసుకుంటూ పార్కు చుట్టూ తిరిగేవాళ్లం. గోంగూర ఎక్కడ దొరుకుతుందనే దగ్గర మొదలైన మాట కాసేపటికే "ఆయన నాతో సరిగ్గా మాట్లాడి ఎన్నాళ్లయిందో" అనే దగ్గరికి వచ్చేది. ఇక్కడైతే అక్కో, పిన్నో, పక్కింటి ఆంటీయో మధ్యలో పడతారు, వాళ్లు సర్దిచెప్పేది ఎప్పుడూ న్యాయంగా ఉంటుందని కాదు, కనీసం వినే మనిషంటూ ఒకరుంటారు. అక్కడ ఆ మనిషే లేరు. హెచ్4 మీద ఉద్యోగం చేయకూడదు గానీ చదువుకోవచ్చు కదా, మాస్టర్స్‌లో చేరాను.

చదువు గడిచిపోయింది. అసలు పరీక్ష తర్వాత. కాలిఫోర్నియాలో మ్యారేజ్ అండ్ ఫ్యామిలీ థెరపిస్టు లైసెన్సు కావాలంటే సూపర్‌విజన్ కింద 3,000 గంటలు పనిచేయాలి, కనీసం 104 వారాల పాటు. అందులో 500 గంటలు జంటలు, కుటుంబాలు, పిల్లలతోనే ఉండాలి. అవి పూర్తయ్యేదాకా మనం అసోసియేట్లమే, సొంత బోర్డు పెట్టుకోకూడదు. వర్క్ పర్మిట్ చేతికొచ్చాక ఒక కమ్యూనిటీ క్లినిక్‌లో చేరాను. జీతం అద్దెకు కూడా చాలేది కాదు, ఇంట్లో ఆ టెన్షన్ వేరే.

ఆ క్లినిక్‌లో ఒక గదికి గోడంతా అద్దం, అవతల సూపర్‌వైజరూ తోటి అసోసియేట్లూ కూర్చుని చూస్తుంటారు. దంపతులకు ముందే చెప్పి సంతకం తీసుకుంటాం. ఒకరోజు వచ్చిన జంటలో భర్త, "అమ్మను అడిగి చెప్తా" అన్నాడు. సెషన్ అయ్యాక మా సూపర్‌వైజర్ నన్ను అడిగింది అతని గురించి కాదు. "ఆ మాట దగ్గర నీ పెన్ను ఆగిపోయింది. ఎవరు గుర్తొచ్చారు?" అంది.

నల్లకుంటలో మా ఇల్లు గుర్తొచ్చింది. ఏ చీర కొనాలన్నా, ఎవరి పెళ్లికి వెళ్లాలన్నా నాయనమ్మ మాటే. అమ్మ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి వినేది, లోపలికి వెళ్లిపోయేది. ఆ రోజు సూపర్‌వైజర్ దగ్గర చాలాసేపు మాట్లాడాను. మా నాయనమ్మ మీద కోపం ఎవరో కొడుకు మీద పడకూడదు కదా. పుస్తకం చదివి ఇది తెలుసుకోలేం. పక్కన ఒకరు కూర్చుని, మన ముఖం చూసి చెప్పాలి.

జీనోగ్రామ్, అంటే కుటుంబ సంబంధాల పటం, గీయడం కూడా అక్కడే అలవాటైంది. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం, మూడు తరాలు ఒకే కాగితం మీద. మేనరికం ఉంటే ఇద్దరి మధ్య జంట గీత. మన తెలుగువాళ్లతో గీస్తుంటే అత్తగారే మేనత్త కూడా అవుతుంది, అంటే గొడవ జరిగితే ఆ అమ్మాయికి వెళ్లడానికి వేరే పుట్టిల్లు కూడా ఉండదు. కాగితం మీద అది చూసుకుని ఏడ్చినవాళ్లున్నారు.

లైసెన్సు వచ్చి, అక్కడ కొన్నాళ్లు చేశాక, మావారి ఆఫీసు గచ్చిబౌలికి మారడంతో తిరిగొచ్చేశాం. ఇప్పటి గది ఒక డెంటల్ క్లినిక్ పైన. మెట్లెక్కుతుంటే పంటి కోసం వచ్చారనే అనుకుంటారు, అందుకే అది ఎంచుకున్నాను. సాఫ్ట్‌వేర్ వాళ్లకు సాయంత్రమంతా అమెరికా కాల్స్, కాబట్టి శని, ఆదివారాలు గది ఖాళీ ఉండదు. మొదట ఇద్దరితో విడివిడిగా మాట్లాడతాను. ఇంట్లో కొట్టడం ఉందని తెలిస్తే కలిపి కూర్చోబెట్టను, సెషన్‌లో చెప్పిన మాటకు ఇంటికెళ్లాక దెబ్బలు పడతాయి. మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరిచ్చి, ముందు ఆమె భద్రత చూస్తాను. భర్త డల్లాస్‌లో, భార్య కూకట్‌పల్లిలో ఉన్న జంటలూ ఫోన్ చేస్తుంటారు. నా లైసెన్సు కాలిఫోర్నియాకే, టెక్సాస్‌లో ఉన్న మనిషికి థెరపీ చేయడానికి అది పనికిరాదని చెప్పడం కష్టంగానే ఉంటుంది.

మన దగ్గర క్లినికల్ సైకాలజిస్టులకు ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉంది. దంపతుల కౌన్సెలింగ్‌కు మాత్రం కాలిఫోర్నియాలో లాంటి విడి లైసెన్సు లేదు. ఎంఏ సైకాలజీ అయిన పిల్లలు, మంచి మనసున్నవాళ్లు, మొదటి రోజే విడాకుల అంచున ఉన్న జంట ముందు ఒంటరిగా కూర్చుంటున్నారు. రాత్రికి ఆ బరువంతా వాళ్లే మోసుకుని ఇంటికెళ్తారు. అందుకే బుధవారం మధ్యాహ్నాలు కేసులు పెట్టుకోను. అలాంటి కొందరు జూనియర్లు వస్తారు, పేర్లు తీసేసి కేసులు చెప్తారు, ఎక్కడ ఆగిపోయారో కలిసి చూస్తాం. ఫీజు తీసుకోను.

మీరు ఏ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లినా, ఫీజు ఎంతని అడిగేటప్పుడే "మీ కేసులు మీరు ఎవరితో చర్చిస్తారండీ?" అని కూడా అడగండి. పని పద్ధతిగా నేర్చుకున్నవాళ్లు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.