లిపాటి పేరుతో ఆరేళ్లు నేను విన్నది ఎవరి వాయిద్యం?

రుమేనియా పియానిస్టు దినూ లిపాటి వాయించిన, స్వరకర్త షోపాన్ పియానోకూ ఆర్కెస్ట్రాకూ కలిపి రాసిన ఇ మైనర్ కన్సర్టోను నిన్న రాత్రి మొదటిసారి విన్నాను. 'మొదటిసారి' అని రాయడం నాకు కష్టంగానే ఉంది, ఎందుకంటే ఆ రికార్డు ఆరేళ్లుగా నా బీరువాలోనే ఉందని నమ్ముతూ వచ్చాను.

లిపాటి 1917లో బుకారెస్ట్‌లో పుట్టాడు. వియన్నా పియానో పోటీలో అతనికి రెండో బహుమతితో సరిపెట్టినందుకు నిరసనగా ప్రసిద్ధ ఫ్రెంచి పియానిస్టు అల్ఫ్రెడ్ కోర్తో న్యాయనిర్ణేతల మండలి నుంచే తప్పుకున్నాడు. హాడ్జ్‌కిన్స్ వ్యాధి అనే ఒక రకం క్యాన్సర్‌తో 1950 డిసెంబరు 2న కన్నుమూసేనాటికి లిపాటి వయసు ముప్పై మూడేళ్లు. అతను మిగిల్చి వెళ్లిన రికార్డులు చాలా తక్కువ కాబట్టి, అతని పేరుతో ఈ కన్సర్టో ఉన్న ఎల్పీ రికార్డు ఒక పాత రికార్డుల దుకాణంలో కనబడగానే, బేరమైనా ఆడకుండా కొన్నాను. అక్కడిదాకా అంతా సులువుగానే జరిగింది.

మూడు నెలల క్రితం ఒక ఆదివారం ఎనిమిది మంది మిత్రులను ఇంటికి పిలిచి ఆ రికార్డు వినిపించాను. వినిపించే ముందు పావుగంట మాట్లాడాను. రెండో భాగంలో స్వరాలు ఎక్కడ కాస్త ఆగి నడుస్తాయో చూపించి, మృత్యువు దగ్గరపడుతోందని తెలిసిన మనిషి మాత్రమే అలా ఆగగలడని చెప్పాను. వచ్చినవారిలో నలభై ఏళ్లుగా రికార్డులు సేకరిస్తున్న ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన కళ్లు మూసుకుని చివరిదాకా విని, నేను ముల్లు ఎత్తి పక్కన పెట్టాక మెల్లగా అడిగారు: "ఇది లిపాటి అని నీకెవరు చెప్పారు బాబూ?"

"కవరు మీదే ఉంది కదండీ," అన్నాను.

ఆయన వాదించలేదు. తన ఫోను తీసి మరో రికార్డింగు పెట్టారు. నేను ఇందాక వేలు పెట్టి చూపించిన చోటనే ఆ స్వరం ఆగింది, అంతే సేపు ఆగింది, అలాగే కదిలింది. వాయిస్తున్నది హలీనా చెర్నీ-స్తెఫాన్‌స్కా అనే పోలెండు పియానిస్టు. తోడుగా ఉన్నది వాత్స్లావ్ స్మెతాచెక్ నడిపిన చెక్ ఫిల్హార్మోనిక్. ఆమె వాయించిన రికార్డింగే 1960లలో లిపాటి పేరుతో విడుదలైందనీ, 1981లో బీబీసీ దాన్ని ప్రసారం చేసినప్పుడు ఒక శ్రోత పోల్చి పట్టుకున్నాడనీ పెద్దాయన చెబుతుంటే ఒక్కరూ నా ముఖం వైపు చూడలేదు. చూసి నవ్వి ఉంటే బాగుండేది. కాఫీ గ్లాసులు తీసే నెపంతో వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పి, కడిగిన గ్లాసునే మళ్లీ కడుగుతూ నిలబడ్డాను.

మోసపోయినందుకు కాదు నాకు బాధ. హలీనా 1949 వార్సా షోపాన్ పోటీలో బెల్లా దవిదోవిచ్‌తో కలిసి మొదటి బహుమతి పంచుకున్న కళాకారిణి. ఆమె నిండు ఆరోగ్యంతో వాయించిన స్వరాల్లో నేను ఒక రోగి వేదన విన్నాను. అదే రికార్డు ఆమె పేరుతో దుకాణంలో కనబడి ఉంటే, తిప్పి చూసి మళ్లీ అక్కడే పెట్టేసేవాణ్ని. చిన్న వయసులో పోయినవారి కథ మన చెవులను ఇంతగా లొంగదీసుకుంటుందంటే, బతికి ఉండి బాగా వాయించేవారికి మనం చేస్తున్న అన్యాయం చిన్నది కాదు.

దుకాణానికి వెళ్లి చెబితే, "పేరు మేం అచ్చు వేశామా సార్?" అన్నారు. తనకు ఈ సంగతి ముందే తెలుసని ఆ యజమాని నోరు జారాడు కూడా. తెలిసీ అదే పేరు చెప్పి అదే ధరకు అమ్మే చోట నేను ఇక అడుగు పెట్టను, ఎవరినీ పెట్టమనను. ఆర్కెస్ట్రా పేరు, దాన్ని నడిపినవారి పేరు, తేదీ, ఊరు, ఈ నాలుగూ లేని పాత కచేరీ రికార్డును ఎంత గొప్ప పేరున్నా కొనకండి.

అసలైన రికార్డింగు సంపాదించడం కష్టం కాలేదు. 1950 ఫిబ్రవరి 7న జ్యూరిక్‌లో, ఓటో ఆకెర్మాన్ నడిపిన టోన్‌హాల్ ఆర్కెస్ట్రాతో లిపాటి ఈ కన్సర్టో వాయించాడు. ఆ సీడీని విదేశం నుంచి తెప్పించుకున్నాను. నిన్న సాయంత్రం చేతికందింది.

ధ్వని బాగా లేదు. ఆర్కెస్ట్రా గోడ అవతల నుంచి వినబడుతున్నట్టు ఉంటుంది. కానీ పియానో ప్రవేశించగానే నేను కుర్చీలో ముందుకు జరిగాను. నేను ఆరేళ్లుగా అలవాటు పడిన ఆ ఆగడం ఇందులో లేదు. రెండో భాగాన్ని అతను ఎక్కడా సాగదీయలేదు, ఎవరి జాలీ అడగలేదు. పది నెలల్లో పోబోయే మనిషి చేయి ఇంత నిబ్బరంగా ఉంటుందని నేను ఊహించలేదు. కన్సర్టో తర్వాత అదే కచేరీలోని డి ఫ్లాట్ నాక్టర్న్ అనే షోపాన్ చిన్న పియానో కృతి కూడా విని, దీపం ఆర్పకుండానే చాలాసేపు కూర్చున్నాను.

పొద్దున్నే పెద్దాయనకు ఫోను చేశాను. వచ్చే ఆదివారం ఆ ఎనిమిది మందినే మళ్లీ పిలిచాను. ముందు హలీనా రికార్డును ఆమె పేరు చెప్పి వినిపిస్తాను. ఆ తర్వాత జ్యూరిక్ కచేరీ. ఈసారి ముందుగా నేనేమీ మాట్లాడను.