గాలి ఉంటేనే వాలై

మే నెలాఖరున వచ్చే మెమోరియల్ డే వారాంతం. ఆగ్నేయం నుంచి గంటకు 15 మైళ్ళ గాలి, రోజంతా మబ్బు, వేడి 60 డిగ్రీల ఫారెన్‌హైట్ దాటదు అని చెప్పింది ఫోన్. పిల్లల్ని పార్కుకి తీసుకెళ్దామనుకునేవాళ్ళకి చెడ్డ కబురే. అమెరికాలోని మిన్నెసోటాలో వాలై అనే చేప పట్టేవాళ్ళకి మాత్రం పండగ. బావగారికి ఫోన్ చేసి "రేపు గాలి బాగుందండీ" అన్నాను. "నాలుగింటికల్లా వచ్చేస్తా. లైసెన్సూ, లైఫ్ జాకెట్టూ బయట పెట్టుకోరా" అన్నారు.

మిల్ లాక్స్ సరస్సు మా ఊరి నుంచి ఉత్తరంగా రెండు గంటల దారి. 1,32,000 ఎకరాల నీళ్ళు, అత్యంత లోతైన చోట కూడా 45 అడుగులు ఉండవు. ఇంత వెడల్పు, ఇంత తక్కువ లోతు కాబట్టి గాలి లేచిందంటే అరగంటలో అలలు లేస్తాయి. సరస్సు ఒడ్డున గారిసన్ అనే ఊళ్ళో రోడ్డు పక్కనున్న పెద్ద వాలై బొమ్మ దాటి, పడవ దింపే చోటికి వచ్చేసరికే ఒడ్డు రాళ్ళ మీద నీళ్ళు విరుచుకుపడుతున్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

గోదావరి కాలవల దగ్గర పెరిగినవాడిని. అక్కడ గాలి లేస్తే బెండు కదిలింది చేపకో అలకో తెలీదు, గాలం చుట్టేసి ఇంటికి పోయేవాళ్ళం. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. వాలై కంటి వెనక పిల్లికున్నట్టే వెలుగుని తిప్పికొట్టే పొర ఉంటుంది. మసక వెలుతురులో అది బాగా చూస్తుంది, దాని తిండి చేపలు చూడలేవు. ఎండ నిటారుగా దిగితే లోతుకి పోతుంది. అలలు లేచినప్పుడు వెలుగు చెదిరిపోతుంది, ఒడ్డు దగ్గర నీళ్ళు కలకబారతాయి. గాలితో పాటు నీటిలో తేలే సూక్ష్మజీవులు ఒడ్డుకి కొట్టుకొస్తాయి, వాటి వెనక చిన్న చేపలు, వాటి వెనక వాలై. 2005లో ఈ సరస్సులో జీబ్రా మసెల్స్ బయటపడ్డాయి. నీటిని వడగట్టి తినే ఆ చిన్న ఆల్చిప్పల వల్ల నీళ్ళు మరీ తేటపడ్డాయి. అందుకే మిల్ లాక్స్‌లో పగటిపూట గాలికి ఇంత విలువ అని నా నమ్మకం.

అలలు రెండడుగులు దాటితే ఇంకో మాట లేకుండా వెనక్కి రావాలని ముందే అనుకున్నాం. నీళ్ళు 56 డిగ్రీలున్నాయి. ఆ చల్లదనంలో పడితే నిమిషాల్లో కాళ్ళూ చేతులూ స్వాధీనం తప్పుతాయి. జాకెట్ బకిల్ పెట్టుకున్నానో లేదో బావగారు చేత్తో లాగి మరీ చూశారు.

పన్నెండడుగుల లోతున మొదలుపెట్టి, గాలి మమ్మల్ని రాళ్ళ వైపు ఆరేడు అడుగుల దాకా నెట్టేలా వదిలేశాం. పడవ వేగం తగ్గడానికి డ్రిఫ్ట్ సాక్ కట్టాం, నీళ్ళు నింపుకుని వెనక్కి లాగే గుడ్డ సంచీ అది. గాలి లేని రోజుల్లో ఎనిమిదో వంతు ఔన్సు జిగ్, అంటే తలకి బరువున్న గాలం, చాలు. ఇవాళ పావు ఔన్సు లేకపోతే అడుగు తగలడం లేదు. ఎర జలగ. వెడల్పాటి కొస వైపు గుచ్చాలి, అప్పుడే సన్న కొస నీళ్ళలో ఆడుతూ ఉంటుంది.

వాలై లాగదు. వేలికి ఒక చిన్న తాకిడి, తర్వాత బరువు. గాలికి దారం విల్లులా వంగినప్పుడు ఆ తాకిడి పట్టుకోవడమే అసలు పనితనం. బావగారు ఓపిగ్గా, కర్ర కొస నీళ్ళకి ఆనించినంత కిందకి పెట్టి, దారం చూపుడు వేలి మీద పెట్టుకుని కూచుంటారు. "ఉందిరా" అని మెల్లగా అన్నారు. వలలోకి వచ్చాక వీపు ముళ్ళు నిక్కబొడిచింది. తల వైపు నుంచి తడి చేత్తో అణుస్తూ పట్టుకోవాలి, లేకపోతే అరచేతిలో దిగుతాయి. ఆలివ్ పచ్చలో బంగారం కలిసిన ఒళ్ళు, తోక కింది కొసన తెల్ల మచ్చ, మబ్బులో కూడా తళుక్కుమనే ఆ కన్ను. 26 అంగుళాలు. ఈ వసంతంలో గుడ్లు పెట్టేసిన ఆడచేప అయ్యుంటుంది. ఇక్కడ ఏ సైజువి, ఎన్ని ఉంచుకోవచ్చో రాష్ట్ర సహజ వనరుల శాఖ నిర్ణయిస్తుంది, ఆ లెక్కలు మారుతుంటాయి. దీన్ని రెండు చేతులతో నీళ్ళలో కాసేపు పట్టుకున్నారు, తోక విదిలించి వెళ్ళిపోయింది. రూలు లేకపోయినా అంత చేపని ఆయన ఉంచుకోరు. నాకూ అదే సరైనదనిపిస్తుంది.

పదిన్నర దాకా ఆగకుండా తగిలాయి. తర్వాత గాలి పడిపోయింది, మబ్బు విచ్చింది, చేపలు నోరు మూసుకున్నాయి. ఉంచుకోదగ్గ సైజుది ఒకటి ఐస్‌లో పెట్టుకుని ఇంటికొచ్చేశాం.

వాలై కండ తెల్లగా, నీచు వాసన లేకుండా ఉంటుంది. చింతపండు పులుసులో వేస్తే ఆ రుచి పోతుందని బావగారి వాదన. ఉప్పు, మిరియాలు, కాస్త బియ్యప్పిండి అద్ది పెనం మీద వేయించాలంటారు. అక్క ఒప్పుకుంది, కానీ తలా నడిముల్లూ పారేయనివ్వలేదు. వాటితో మామిడికాయ వేసి విడిగా పులుసు పెట్టింది. బుగ్గల్లో ఉండే రెండు చిన్న కండ ముక్కలు మాత్రం వేయించి పిల్లలిద్దరికీ చెరొకటి పెట్టింది. చిన్నది తినేసి, చేపకి ఇంకా బుగ్గలున్నాయేమో చూడమంది.