కెన్యాలో రైలెక్కితే అప్పుల కథ వినాల్సిందే

కెన్యా వెళ్దామనుకునేవాళ్లకి పనికొచ్చే నాలుగు ముక్కలు ముందే చెప్పేస్తా. 2024 జనవరి నుంచి అక్కడికి వీసా అక్కర్లేదంటారు గానీ, ఈటీఏ అని ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి అనుమతి తెచ్చుకోవాలి, అంటే పేరు మారింది తప్ప తతంగం అలాగే ఉంది. ఎల్లో ఫీవర్ టీకా హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు, ఆ కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఇబ్బంది. బట్టలు ప్లాస్టిక్ కవర్లలో కుక్కి తీసుకెళ్లకండి, 2017 నుంచి అక్కడ క్యారీ బ్యాగులు నిషేధం. మన దగ్గరలాగా బోర్డు మీద నిషేధం కాదు, నిజంగానే నిషేధం.

నేను వెళ్లింది 2025 నవంబర్‌లో. సింహాల కోసం కాదు. నైరోబీ కుర్రాళ్లు పార్లమెంటులోకి దూసుకెళ్లిన వీడియోలు, ఆ తర్వాత మొరాకో, మడగాస్కర్, టాంజానియా అంటూ వరసపెట్టి వచ్చిన నిరసనల వార్తలు చూసి, అసలు అక్కడేం జరుగుతోందో ఒకసారి కళ్లారా చూడాలనిపించింది. పైగా మా ఊరి తమ్ముడొకడు నైరోబీలో మందుల కంపెనీలో చాలా కాలంగా పనిచేస్తున్నాడు, కాబట్టి ఉండటానికి ఖర్చు లేదు. (అక్కడ మందుల షాపుల్లో మన దేశం నుంచి వచ్చిన డబ్బాలు కోకొల్లలు, మేడిన్ ఇండియా అని చదివి ఊరికే సంతోషపడ్డాను.)

ఎయిర్‌పోర్టు బయట కారెక్కగానే వాడు అడిగిన మొదటి మాట, "అన్నా, పైన పోదామా, కింద పోదామా?" పైన అంటే నైరోబీ ఎక్స్‌ప్రెస్‌వే, 27 కిలోమీటర్లు, 2022లో తెరిచారు. చైనా కంపెనీ తన డబ్బుతో కట్టి 27 ఏళ్ల పాటు టోల్ వసూలు చేసుకుంటుంది. కింద అంటే పాత మొంబాసా రోడ్డు. నేను అడిగి మరీ కిందే పోనిచ్చాను, గంటకు పైగా పట్టింది. మటాటులు అని అక్కడి ప్రైవేటు వ్యాన్లు, మన సెవెన్ సీటర్ ఆటోకి డీజే బాక్సులు కట్టినట్టు ఉంటాయి. ఒళ్లంతా ఫుట్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలు, తలుపు దగ్గర వేలాడుతూ కండక్టర్, లోపల ఆఫీసులకి పోయే జనం ఫోన్లు చూసుకుంటూ. తలెత్తితే నెత్తి మీద ఆ సిమెంటు రోడ్డు, దాని మీద కార్లు జుయ్యిమని పోతున్నాయి. లీటరు పెట్రోలు అప్పుడు 185 షిల్లింగుల దగ్గర ఉండేది, మన లెక్కలో 125 రూపాయలకు పైనే.

పాస్‌పోర్టు చూపించి సిమ్ కొనుక్కుంటే ఎం-పేసా, అంటే ఫోన్‌లో డబ్బు పంపుకునే ఖాతా, కూడా వచ్చేసింది. 2007లో మొదలైంది ఇది, మనకి ఫోన్‌పేలూ గూగుల్‌పేలూ రాకముందు ఎప్పుడో, మామూలు బటన్ ఫోన్ల కాలంలోనే వీళ్లు ఎస్సెమ్మెస్‌తో డబ్బు పంపుకున్నారు. తమ్ముడి ఆఫీసు సందులో ఒక తోపుడు బండి ఉండేది. సాసేజీని నిలువునా కోసి, అందులో ఉల్లిపాయ, టమాటా ముక్కలు కూరి, కారం సాస్ పోసి, పేపర్ ముక్కలో పెట్టిస్తాడు. బండి నుదుటి మీద దేవుడి పేరుకన్నా పెద్దగా టిల్ నంబరు, అంటే ఎం-పేసాలో డబ్బు కట్టాల్సిన నంబరు. పదిమందిలో ఒక్కరు నోటు తీయడం కూడా నాకు కనిపించలేదు.

అయితే మనలాగా ఫ్రీ కాదు. మామూలుగా ఒకరికొకరు పంపుకుంటే వంద షిల్లింగుల దాకా ఛార్జీ లేదు, 101 నుంచి 500 దాకా 7 షిల్లింగులు, వెయ్యి దాకా 13. అవతలివాడు ఆ డబ్బు ఏజెంటు దగ్గర నగదుగా తీసుకోవాలంటే, వంద దాటితే మళ్లీ కనీసం 29 పోతుంది. ఆ ఛార్జీ మీద సర్కారుకి 15 శాతం ఎక్సైజ్ సుంకం. ఆదాయం దాచుకునే పెద్దలని పట్టుకోవడం ఏ దేశంలోనైనా కష్టమే, ఫోన్‌లో రెండొందలు పంపుకునేవాణ్ణి పట్టుకోవడానికి మాత్రం ఇన్‌స్పెక్టర్ కూడా అక్కర్లేదు. నా మటుకు నాకు కెన్యా రాజకీయం సగం ఇక్కడే అర్థమైంది.

2024 ఫైనాన్స్ బిల్లులో ఆ 15ని 20 చేద్దామనుకున్నారు. దాంతోపాటు బ్రెడ్డు మీద 16 శాతం వ్యాట్, కార్ల మీద ఏటా వాటి విలువలో 2.5 శాతం పన్ను, ఇంకా చాలా ఉన్నాయి, అంతా కలిపి 34,600 కోట్ల షిల్లింగులు లాగుదామని ప్లాన్. అధ్యక్షుడు విలియం రూటో 2022లో గెలిచిందే 'హస్లర్' అన్న మాట మీద, అంటే రెక్కాడితే గానీ డొక్కాడని వాళ్ల మనిషినని, చిన్నప్పుడు రోడ్డు పక్కన కోళ్లు అమ్మానని చెప్పుకుని. అలాంటివాడు బ్రెడ్డు మీద పన్నేస్తే ఊరుకుంటారా? బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య, ఏసుని చూడ్డానికి చెట్టెక్కినాయన, ఉన్నాడు కదా, ఆ పేరే పెట్టేశారు ఆయనకి, స్వాహిలీలో జకాయో. చెట్టు దిగు జకాయో అని నినాదం.

బిల్లులో ఏముందో టిక్‌టాక్‌లో, ఎక్స్‌లో కుర్రాళ్లే ఒకరికొకరు విడమరిచి చెప్పుకున్నారు, స్థానిక భాషల్లోకి మార్చుకున్నారు. నాయకుడు లేడు, పార్టీ లేదు, తెగ లేదు. ఓటంటే తెగల లెక్కే అని పేరుపడ్డ దేశంలో ఇది చిన్న విషయం కాదు. జూన్ 25న ఎంపీలు బిల్లు పాస్ చేస్తున్న రోజే పార్లమెంటులోకి చొరబడ్డారు, పోలీసులు కాల్చారు, మర్నాడే రూటో సంతకం పెట్టనని చెప్పి వెనక్కి తగ్గాడు. జాతీయ మానవ హక్కుల కమిషన్ లెక్కలో ఆ నిరసనల్లో చనిపోయినవాళ్లు 60 మంది దాకా. మంత్రివర్గాన్ని దాదాపు మొత్తం ఇంటికి పంపాడు, కొంతకాలానికి వాళ్లలో కొందరు తిరిగొచ్చారు, అది వేరే సంగతి. 2025 జూన్ 25న, జూలై 7న మళ్లీ రోడ్లెక్కారు, మళ్లీ పదుల్లో చనిపోయారు.

నన్ను పార్లమెంటు వైపు తీసుకెళ్లింది ఒక బోడా బోడా కుర్రాడు, అంటే బైక్ ట్యాక్సీ. బండి మన బజాజ్ బాక్సరే, నైరోబీలో ఎటు చూసినా అదే. బీకాం చదివాడట. ఇక్కడే టియర్ గ్యాస్, ఇక్కడే మా వాళ్లు పడిపోయారు అని బండి ఆపకుండానే చెప్పుకుంటూ పోయాడు, ఆపితే పోలీసులు అడుగుతారని. నిరసనల తర్వాత కొందరిని నంబరు ప్లేటు లేని కార్లలో ఎత్తుకెళ్లారన్న కథలు అక్కడ చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు.

తమ్ముడి ఆఫీసులో అకౌంటెంట్ అమ్మాయి ఒకరోజు మధ్యాహ్నం తన జీతం చీటీ ఫోన్‌లో చూపించింది. ఆదాయపు పన్ను, పెన్షన్ కోత, ఇళ్ల పథకం కోసం 1.5 శాతం, 2024 అక్టోబర్ నుంచి కొత్త ఆరోగ్య బీమాకి 2.75 శాతం, పైగా ఆ బీమా కోతకి గరిష్ఠ పరిమితి లేదు. "కట్టడానికి నాకేం బాధ లేదు సార్, అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్తే సిస్టమ్ డౌన్, క్యాష్ కట్టండి అన్నారు, అదీ బాధ" అంది. ప్లేట్లో ఉగాలి, సుకుమా వికీ. ఉగాలి అంటే మొక్కజొన్న పిండి ముద్ద, సుకుమా వికీ ఓ రకం ఆకుకూర వేపుడు. మన సంగటి తినేవాళ్లకి ఇబ్బందే ఉండదు.

ఇండియా అని చెప్పగానే అక్కడ రెండు పేర్లు వినపడ్డాయి. ఒకటి రైలా ఒడింగా. ఐదుసార్లు అధ్యక్ష పదవికి పోటీ చేసి గెలవని ఆ పెద్దాయన అక్టోబర్ 15న కేరళలోని కూత్తాట్టుకుళంలో, ఆయుర్వేద వైద్యానికి వచ్చి, గుండె ఆగి చనిపోయారు. నేను వెళ్లేసరికి ఇంకా గోడల మీద ఆయన పోస్టర్లే. రెండోది అదానీ. నైరోబీ ఎయిర్‌పోర్టుని 30 ఏళ్లకి అప్పగించే ఒప్పందం మీద ఎయిర్‌పోర్టు ఉద్యోగులు సమ్మె చేశారు, కోర్టుకెళ్లారు. చివరికి అమెరికాలో అదానీ మీద కేసు పడ్డాక 2024 నవంబర్‌లో రూటో పార్లమెంటులోనే రద్దు చేస్తున్నానంటే ఎంపీలు లేచి చప్పట్లు కొట్టారు. ఈ టాపిక్ వచ్చినప్పుడల్లా తమ్ముడు నా కాలు తొక్కేవాడు, ఏదో ఒకటి వాగుతానని.

ఇక రైలు. నైరోబీ నుంచి మొంబాసాకి మడారకా ఎక్స్‌ప్రెస్, 2017లో మొదలైంది, ఎకానమీ టికెట్ 1,500 షిల్లింగులు, అదీ ఎం-పేసాలోనే కట్టాను. స్టేషన్ ఊరి బయట స్యోకిమౌలో ఉంటుంది. లోపలికి వెళ్లేముందు అందరి బ్యాగులూ నేల మీద వరసగా పెట్టించి, మనల్ని వెనక్కి నిలబెట్టి, కుక్కతో వాసన చూపిస్తారు. తమ్ముడి భార్య కట్టిచ్చిన పులిహోర దగ్గర ఆ కుక్క ఆగిపోయింది. నాకు టెన్షన్. పోలీసు నా వైపు ఓసారి చూశాడు, కుక్క ఓ తుమ్ము తుమ్మి ముందుకెళ్లింది. వెనకాల ముసలావిడ ఒకటే నవ్వు.

ఎకానమీలో ఎదురెదురు సీట్లు, మోకాళ్లు తగులుతాయి, కాబట్టి మాటలు కలుస్తాయి. సావో అడవిలో ఎర్రమట్టి పూసుకున్న ఏనుగులు కిటికీలోంచే కనిపిస్తాయి. ఇంచుమించు ఇదే దారిలో బ్రిటిష్‌వాళ్లు 1896 నుంచి 1901 దాకా పాత రైలు మార్గం వేశారు, 32,000 మంది దాకా కూలీలని మన దేశం నుంచి, ఎక్కువగా పంజాబ్ వైపు నుంచి తెచ్చారు, రెండున్నర వేల మంది దాకా చనిపోయారు. సావోలో సింహాలు కూలీలని ఎత్తుకెళ్లింది 1898లో. అప్పుడు ఉండిపోయినవాళ్ల, ఆ తర్వాత వ్యాపారానికి వచ్చినవాళ్ల సంతతిని 2017లో కెన్యా ప్రభుత్వం దేశంలో 44వ తెగగా గుర్తించింది.

కొత్త లైను అప్పు మాత్రం కెన్యావాళ్లే మోస్తున్నారు. ఖర్చులో అత్యధిక భాగం చైనా ప్రభుత్వ ఎగ్జిమ్ బ్యాంకు ఇచ్చింది. లైను ఉగాండా దాకా పోవాలని కదా మొదలుపెట్టారు, నైవాషా దాటి కొంచెం దూరం వెళ్లి పొలాల మధ్య ఆగింది, ఆ పైకి అప్పట్లో డబ్బు పుట్టలేదు. దీన్ని చూపించి మన దగ్గర అందరూ 'చైనా అప్పుల ఉచ్చు' అంటారు. నాకది సగం నిజమే అనిపిస్తుంది. దేశం అప్పు పది లక్షల కోట్ల షిల్లింగులు దాటింది, అందులో సగానికి పైగా సొంత బ్యాంకులూ పెన్షన్ ఫండ్ల దగ్గర తెచ్చిందే. బయటి అప్పులో ప్రపంచ బ్యాంకు వాటా చైనా కన్నా పెద్దది. నడ్డి విరిచేది వడ్డీ. 2014లో తీసుకున్న డాలర్ బాండ్ల గడువు 2024లో ముంచుకొస్తే, అవి తీర్చడానికి దాదాపు పది శాతానికి మళ్లీ 150 కోట్ల డాలర్లు తెచ్చారు. చైనావాళ్లయితే 2025లో రైలు అప్పుని డాలర్ల నుంచి యువాన్లకి మార్చుకోనిచ్చారు, వడ్డీ తగ్గింది. పన్నుల్లో సగానికి పైగా అప్పుల వాయిదాలకే పోతుంటే ఏ ప్రభుత్వమైనా ఫోన్ల వైపే చూస్తుంది.

నా ఎదురు సీటావిడ టాంజానియా మనిషి, మొంబాసాలో దిగి రోడ్డు మీద టాంగా అనే ఊరికి పోవాలి, గుడ్డల వ్యాపారం. వాళ్ల దగ్గర అంతకుముందే, 2025 అక్టోబర్ 29న, ఎన్నికలు జరిగాయి. ప్రధాన ప్రతిపక్ష నేత టుండు లిస్సు అప్పటికి దేశద్రోహం కేసులో జైల్లో, అధ్యక్షురాలు సామియా సులుహు హసన్‌కి 98 శాతం ఓట్లు, ఇంటర్నెట్ రోజుల తరబడి బంద్. వందల మందిని చంపేశారని ప్రతిపక్షం అంటోంది. ఆమెని అడిగితే "సరుకు ఆగిపోయింది" అని మాత్రం అంది, తర్వాత చాలాసేపు పిల్లల చదువుల గురించి మాట్లాడింది. నేనూ ఇంక తవ్వలేదు. కెన్యా కుర్రాళ్లు తమ ప్రభుత్వాన్ని ఎంత తిట్టినా, రైల్లో పదిమంది వినేలా తిడుతున్నారు, ఆ తేడా ఆ సీటులో కూర్చుంటే తెలిసింది.

మొంబాసాలో ఉక్క మన కాకినాడ ఉక్కే. పోర్టు నుంచి కంటెయినర్లు తప్పనిసరిగా రైల్లోనే నైరోబీ పోవాలని గత ప్రభుత్వం రూలు పెడితే లారీలవాళ్లు, గోడౌన్లవాళ్లు, దారిలో ఉండే మ్టిటో అండే లాంటి ఊళ్ల హోటళ్లవాళ్లు రోడ్డున పడ్డారు. రూటో 2022లో ప్రమాణం చేసిన రోజే ఆ రూలు తీసేశాడు. ఇప్పటికీ అక్కడ ఆయనకి ఓ మంచి మాట పడుతోందంటే దానివల్లే.

లికోని ఫెర్రీకి ఎక్కించుకున్న టుక్‌టుక్ (మన ఆటోనే) డ్రైవరుకి ఇండియాలో ఫోన్‌లో డబ్బు పంపితే ఛార్జీ లేదంటే నమ్మలేదు. ఎవరు భరిస్తారు అన్నాడు. ప్రభుత్వం బ్యాంకులకి ఏటా కొంత ఇస్తుంది, 2024-25కి 1,500 కోట్ల రూపాయలు అని చెప్పా. "అయితే మీరూ కడుతున్నారు, మీకు మెసేజ్ రాదంతే" అని నవ్వాడు. ఫెర్రీ దగ్గర 200 షిల్లింగులు పంపబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, ఏజెంటు దగ్గర తీసుకునే ఛార్జీ 29 కూడా కలిపి పంపమన్నాడు. ఇంధనం ధర చూశారుగా సార్ అని దబాయింపు. పంపాను, నాకు 7 అదనం.