తాతయ్య చూసిన ఓడ

"జపానోడి బాంబు పడి రేవులో ఓడ కళ్ళముందే మునిగిపోయిందిరా." మా తాతయ్య ఈ మాట చెప్పని సంక్రాంతి లేదు. అప్పటికి ఆయనకి పదకొండేళ్ళు, విశాఖ కోటవీధిలో ఇల్లు. మర్నాడు తెల్లారకముందే బండి కట్టించుకుని గంట్యాడ చుట్టాలింటికి పోయారట. ఓడ పేరేంటని అడిగితే "తెల్లోళ్ళ ఓడ" అనేవారు, అంతే. ఆయన పోయాక ఆ పేరు పట్టుకోవాలనిపించింది.

తేదీ దొరకడం తేలికే. 1942 ఏప్రిల్ 6, సోమవారం. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. ముందురోజు ఈస్టర్ నాడు కొలంబో మీద జపాన్ దాడి జరిగింది. అదే సమయంలో జపాన్ అడ్మిరల్ ఒజావా నౌకాదళం బంగాళాఖాతంలోకి వచ్చింది. ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక, దానికి తోడు క్రూజర్లనే యుద్ధనౌకలు. దొరికిన సరుకు ఓడనల్లా ముంచుకుంటూ పోయాయి. ర్యూజో విమానాలే విశాఖ, కాకినాడల మీదికీ వచ్చాయి.

అసలు తంటా పేర్లతో వచ్చింది. 'విశాఖపట్నం' అని ఎంత వెతికినా ఏమీ తగల్లేదు. ఆనాటి కాగితాల్లో మన ఊరు విజగపటం, కాకినాడ కొకనాడా. ఆ స్పెల్లింగులు వేశాక తలుపు తెరుచుకున్నట్టయింది. యుద్ధంలో పోయిన ఓడల జాబితాలో 'సెల్మా సిటీ' కనబడింది. అమెరికా ఓడ, అదే రోజు, విమాన దాడిలో, విజగపటం దగ్గర మునక. ఇంకేముంది, ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాను. అందరూ చప్పట్లు.

రెండు నెలల తర్వాత గానీ నా తొందరపాటు తెలిసిరాలేదు. జాబితాలో ఉన్నది విజగపటం 'రేవులో' అని కాదు, 'తీరానికి ఆవల' అని. తాతయ్య చూసింది రేవులో ఓడని. ఒక్క మాట సరిగ్గా చదవక అంత పని అయింది.

ఈసారి మునిగిన ఓడల్ని వదిలేసి దెబ్బతిన్నవాటిని వెతికాను. 'ఆంగ్లో కెనడియన్' తగిలింది. లండన్‌లోని నైట్రేట్ ప్రొడ్యూసర్స్ కంపెనీది, ఆ రోజు విశాఖలో బాంబు దెబ్బ తింది. బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో యుద్ధకాలపు ఓడలకి రాకపోకల కార్డులుంటాయి. గుమాస్తాల చేతిరాతలో రేవు తర్వాత రేవు, తేదీ తర్వాత తేదీ. మన ఊరి పేరుని గొలుసుకట్టు ఇంగ్లీషులో వెతుక్కోవడం ఒక పరీక్షే. జపాన్ ఆర్కైవ్స్ స్కాన్లు ఆన్‌లైన్లో ఉచితమే గానీ, నాకు అంకెలు తప్ప ఏమీ అర్థం కాలేదు. ఆ అంకెలూ మోసం చేశాయి. వాళ్ళ నౌకాదళం ఎక్కడున్నా టోక్యో టైమే రాస్తుంది. అక్కడ మధ్యాహ్నం పన్నెండంటే మన ఇప్పటి లెక్కన పొద్దున్న ఎనిమిదిన్నర. ఒక ఆదివారమంతా దీనికే పోయింది.

ఇంకోటి కూడా గమనించాను. ఈ ఓడల మీద చనిపోయిన బ్రిటిష్ నావికుల పేర్లు లండన్ టవర్ హిల్ స్మారకం గోడల మీద చెక్కి ఉన్నాయి. లాస్కర్లని పిలిచే మన నావికులవి ముంబై, చిట్టగాంగ్ స్మారకాల్లోని పుస్తకాల్లో ఉన్నాయి. గోడకీ పుస్తకానికీ తేడా లేదంటే నేనొప్పుకోను.

చివరికి తేలిందేమంటే, ఆంగ్లో కెనడియన్ విశాఖలో మునగలేదు. దెబ్బ తిన్నాక కూడా సముద్రంలోకి వెళ్ళింది. సరిగ్గా ఎనభై రోజులకి, జూన్ 25న, అట్లాంటిక్‌లో యు-153 అనే జర్మన్ సబ్‌మెరైన్ దాన్ని ముంచేసింది.

ఈ సంగతి తాతయ్య చెల్లెలికి, మా చిన్నమామ్మకి, ఫోన్లో చెప్పాను. తొంభై దాటినా చెవులు బాగానే పనిచేస్తాయి. కాసేపు మాట్లాడలేదు.

"మునగలేదా? మరి డాబా మీంచి అన్నయ్య నాకు చూపించిన ఆ నల్ల పొగేంట్రా?"

ఇప్పుడు ఆ పొగ వెనక పడ్డాను.