పొగ కనబడని చిమ్నీ

మా బావగారు బొగ్గు ప్లాంటులో చేసి రిటైరయ్యారు. నేను గోదావరి తీరాన ఒక గ్యాసు ప్లాంటు కంట్రోల్ రూమ్‌లో చేశాను. సంక్రాంతికి కలిస్తే ఒకటే ఎత్తిపొడుపు: "మీదేముందోయ్, పూజగదిలా ఉంటుంది. బూడిదా లేదు, మసీ లేదు."

నిజమే. మాది 220 మెగావాట్ల కంబైన్డ్ సైకిల్. గ్యాస్ టర్బైన్ వదిలే వేడిగాలి 550 డిగ్రీల దాకా ఉంటుంది. దాన్ని బాయిలర్‌కి మళ్ళించి, ఆ ఆవిరితో ఇంకో టర్బైన్ తిప్పేవాళ్ళం. అలా గ్యాసు వేడిలో దాదాపు సగం కరెంటయ్యేది. స్టార్టప్‌లో కాసేపు పసుపు పొగ వచ్చేది, అది నైట్రోజన్ ఆక్సైడ్ల రంగు. లోడు ఎక్కాక చిమ్నీ మీద గాలి కాస్త వణికేది, అంతే. ఊళ్ళోవాళ్ళు పొగ అనుకున్నది కూలింగ్ టవర్ ఆవిరి.

ఈసారి బావగారి మనవడు అడిగాడు: "తాతయ్యా, మీ ప్లాంటు కార్బన్ ఫుట్‌ప్రింట్ ఎంత?" పేపర్లలో కర్బన పాదముద్ర అంటారే, అది: మనవల్ల గాలిలోకి ఎంత కార్బన్ డయాక్సైడ్ లాంటి వాయువు చేరుతుందన్న లెక్క. క్యాలెండర్ వెనక లెక్క వేశాను. ఫుల్ లోడులో గంటకు సుమారు 32 టన్నుల గ్యాసు. కిలో మీథేన్ కాలితే 2.75 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, గాలిలోని ఆక్సిజన్ బరువూ కలుస్తుంది కదా. అంటే గంటకు 88 టన్నులు! అన్నేళ్ళు ఆ చిమ్నీ కింద తిరిగినా ఈ లెక్క ఎప్పుడూ వేయలేదు. మా టెన్షనంతా గ్రిడ్ ఫ్రీక్వెన్సీ గురించే.

"అదే కరెంటు బొగ్గుతో అయితే 200 టన్నులు దాటుతుంది" అని మీసం మెలేశాను. ఆ ఊపులో పాత బాధ కూడా బయటికొచ్చింది. 2009లో కృష్ణా-గోదావరి తీరంలో సముద్రం లోపలున్న డీ6 అనే గ్యాసు క్షేత్రం నుంచి గ్యాసు వచ్చిందని సంబరపడ్డాం. 2013 నాటికి కరెంటు ప్లాంట్లకు అందులోంచి చుక్క రాలేదు. మా మెషీన్లు ఆగాయి, ఇళ్ళలో ఫ్యాన్లు ఆగలేదుగా. ఆ లోటు ఎక్కువగా పూడ్చింది బొగ్గే. ఆగిపోయిన ప్లాంటు పాదముద్ర సున్నా అని రాస్తే, నా దృష్టిలో అది దొంగ లెక్క.

బావగారు నింపాదిగా అరిసె నములుతూ, "లీకులు కలిపావా?" అన్నారు.

కలపలేదు. కాలకుండా గాలిలో కలిసిన మీథేన్, భూమిని వేడెక్కించడంలో, 20 ఏళ్ళ లెక్కన, కార్బన్ డయాక్సైడ్‌కి సుమారు 80 రెట్లు. ఆ 32 టన్నుల్లో ఒక్క టన్ను, అంటే మూడు శాతం, దారిలో కారినా 80 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. మా చిమ్నీ పక్కన ఇంకో చిమ్నీ లేచినట్టే.

"అయితే మీ గొప్పంతా ఆ మూడు శాతంలో ఉందన్నమాట."

నాకు మా ఫ్లేంజీలు, అంటే గ్యాసు పైపుల అతుకులు, గుర్తొచ్చాయి. బోల్టులు బిగించాక సబ్బునీళ్ళు పూసి, టార్చి వేసి, బుడగ లేస్తుందేమోనని చూసేవాళ్ళం. ఒక్క బుడగ కనబడినా మళ్ళీ బిగింపే.

"మా గేటు లోపల బుడగ లేదని రాసిస్తాను బావగారూ."

"గేటు బయట?" అంటూ నా చేతిలోంచి పెన్ను తీసుకున్నారు.