ఉప్పునీటి పైపు లోపల ఎపాక్సీ పూత

కృష్ణపట్నం తీరంలో సముద్రపు నీటితో చల్లార్చే ప్లాంట్లలో, పైపు లోపలి ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే రెసిన్) పూతకు పెద్ద పగులు కంటే సూదిబెజ్జమే ప్రమాదం. తుప్పంతా ఆ చుక్కలోనే లోతుకు తొలుస్తుంది.

షట్‌డౌన్‌లో, పైపు లోపలి గాలి పీల్చదగ్గదేనని పరీక్షించాకే లోపలికి దిగాలి. పూతకు అంటుకున్న సముద్రపు గుల్లల్ని ఇనుప పారతో గీకొద్దు, పూత లేచిపోతుంది. ప్లాస్టిక్ గీకుడుబిళ్ల చాలు. ముందు ఫ్లాంజి (పైపుల్ని బోల్టులతో కలిపే చక్రం) అంచులు, బెండ్లు చూడండి. ఉబ్బిన చోట చెక్కసుత్తితో తడితే డొల్లగా మోగుతుంది, అంటే పూత ఇనుమును వదిలేసింది.

అలా వదిలేసిన పూత మొత్తం తీసి, అంచులు ఏటవాలుగా గరుకుచేసి, ఉప్పు పోయేదాకా మంచినీళ్లతో కడగాలి. ఈ కడుగుడు ఎగ్గొడితే కొత్త పూత కింద మళ్లీ బొబ్బలే. ఆరాక ఎస్‌ఏ 2.5 దాకా (ఇనుము దాదాపు తెల్లగా మెరిసేంత శుభ్రతా స్థాయి) బ్లాస్టింగ్, అంటే గరుకు రేణువుల్ని గాలితో విసిరి శుభ్రం చేయాలి. ఇనుము వేడి మంచుబిందువు (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువుండాలి. మన తీరపు తేమకు తెల్లవారుజామున పూయకపోవడమే మంచిది. పూర్తిగా గట్టిపడ్డాక స్పార్క్ టెస్ట్ (విద్యుత్ నిప్పురవ్వతో సూదిబెజ్జాలు పట్టే పరీక్ష) చేసి, ఆపైనే నీళ్లు వదలండి.