చీమకుర్తిలో వంటగట్టు బేరం

వంటగట్టుకి నల్లరాతి పలకలు కొనడానికి అత్తయ్యా నేనూ క్వారీల ఊరు చీమకుర్తి బయల్దేరాం. గుంటూరు నుంచి ఒంగోలు దాకా చెప్పుకోవడానికేమీ లేదు. చిలకలూరిపేట దాటగానే అత్తయ్య కునుకు తీసింది, మేదరమెట్ల దగ్గర టీకి లేచింది. ఒంగోలులో కర్నూలు రోడ్డెక్కాకే దారికి ఒక రూపం వచ్చింది. చీమకుర్తి దగ్గరపడే కొద్దీ ఎదురొచ్చే లారీల మీద ఒకటో రెండో నల్ల దిమ్మెలు, వాటి మీద పెయింటుతో రాసిన నంబర్లు. బండి సగం ఖాళీగా కనిపిస్తుంది గానీ ఇంజను మాత్రం మూలుగుతూనే ఉంటుంది.

రామతీర్థం వైపు ఒక క్వారీ అంచున నిలబడనిచ్చారు. మెట్లు మెట్లుగా దిగిపోయిన గొయ్యి, అడుగున పచ్చటి నీళ్ళు. వజ్రపు పూసలు కట్టిన తీగ గిర్రున తిరుగుతూ రాతిని కోస్తోంది. చల్లార్చడానికి నీళ్ళు వదులుతూనే ఉన్నారు. ఇదే బ్లాక్ గెలాక్సీ. బజారులో గ్రానైట్ అంటాం గానీ నిజానికిది గాబ్రో అనే వేరే జాతి రాయి. అందులో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం రేకులు.

రాయి ఏదో ఇంట్లోనే తేల్చుకుని వచ్చాం. తేలనిది పైన అద్దంలా మెరిసే పాలిషా, తోలులా తగిలే లెదరా అన్నదే. నాకు లెదర్ మీద మోజు. అత్తయ్య మాత్రం సంచీలో మా బోరు నీళ్ళ సీసా, నూనె, పసుపు, తడిపిన చపాతీ పిండి సర్దుకొచ్చింది. అది చూసి ఫ్యాక్టరీ సూపర్‌వైజరు నవ్వాడు. నవ్వుతూనే మూడు శాంపిల్ ముక్కలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

పాలిషింగ్ మెషీన్ దగ్గర సంగతి అర్థమైంది. పలక ముందుకు జరిగే కొద్దీ పైన తిరిగే రాపిడి రాళ్ళు ముతక నుంచి నున్నకు మారుతుంటాయి. చివరిదాకా వెళ్తే అద్దం. మధ్యలో ఆపేస్తే హోన్డ్, అంటే మెరుపు లేని నునుపు. రాపిడి బ్రష్షులతో తోమితే రాయిలో మెత్తని భాగం కాస్త అరిగి, గట్టి భాగం నిలబడుతుంది. చెయ్యి పెడితే తోలులా తగిలే లెదర్ ఫినిష్ అదే.

ముందు హోన్డ్ ముక్క పోటీలోంచి తప్పుకుంది. నలుపు కాస్తా బూడిద రంగుకి తిరిగింది, చుక్కల మెరుపు చచ్చిపోయింది. నూనె వేలు ఆనించి గుడ్డతో తుడిచినా ముద్ర నల్లగా నిలిచింది. చుక్కల కోసమే ఇంత దూరం వచ్చి ఈ ఫినిష్ చేయించుకోవడం దేనికో నాకైతే బోధపడలేదు.

లెదర్ ముక్క మీద బోరు నీళ్ళు ఆరినా మరకలు ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సి వచ్చింది. పాలిష్ మీద మాత్రం సున్నపు చుక్కలు దూరానికే కనిపించాయి. నేను గెలిచాననుకునేలోపు అత్తయ్య పిండి తీసింది. పాలిష్ మీద ఒత్తిన చపాతీ అంచు పట్టుకోగానే లేచి వచ్చింది. లెదర్ మీద సన్నటి గుంటల్లో పిండి ఇరుక్కుంది. తడిగుడ్డకి లొంగలేదు, బ్రష్షు అడగాల్సి వచ్చింది.

"మరక కళ్ళకి కనిపిస్తే తుడుస్తాం అమ్మాయ్, కనిపించని పిండిని ఏం చేస్తాం?" అంది.

సూపర్‌వైజరు ఆవిడ పక్షం చేరిపోయాడు. పసుపు, చింతపండు పులుసు పాలరాయిని పాడుచేసినట్టు దీన్ని చెయ్యవట. అది నిజమే, పాలరాయి సున్నపు జాతి రాయి కాబట్టి పులుపుకి కరుగుతుంది. నేను నెయిల్ పాలిష్ రిమూవర్ అద్దిన దూదితో పలక వెనక, ముందు రుద్ది చూశాను. నలుపు కోసం రంగు పూసిన రాయైతే దూదికి అంటుతుంది. అంటలేదు. నవ్వినాయన ఈసారి నవ్వలేదు.

చివరికి పొయ్యి గట్టుకి పాలిష్, అంట్లు తోముకునే వెనక వరండా గట్టుకి లెదర్ అనుకున్నాం. అక్కడ చపాతీలు ఎవరూ ఒత్తరు, నీళ్ళు మాత్రం పొద్దస్తమానం పడుతుంటాయి. పలకలు ఒకే దిమ్మెలోంచి వరస నంబర్లవి అడిగి తీసుకున్నాం, లేకపోతే ఒకదాంట్లో చుక్కలు దట్టంగా, ఇంకోదాంట్లో పల్చగా వస్తాయి. అంచు గుండ్రం చేసే పని మా మేస్త్రికే వదిలేశాం. సింకు కొలత కాగితం ఫ్రిజ్ మీదే ఉండిపోయిందని మా ఆయన ఫోన్ చేసేసరికి పలకలు ట్రక్కులో నిలువుగా ఆనించి తాళ్ళు బిగిస్తున్నారు.